పేరు కలిస్తే చాలునా?



చాలా ఏళ్ళ క్రితం నేనొక పొరపాటు చేశాను. ఆ సంవత్సరం మా తొమ్మిదో తరగతిలో శ్రీనివాసరావులు ముగ్గురు ఉండేవారు. అర్ధ సంవత్సర పరీక్షల మార్కుల కార్డులు ఇళ్ళకు పంపేటప్పుడు ఒక శ్రీనివాసరావు కార్డు ఇంకొక శ్రీనివాసరావు ఇంటికి చేరింది. లెక్కల్లో 19 మార్కులు చూసి ఆ తండ్రి కొడుకును నాలుగు బాదాడు. నిజానికి ఆ పిల్లవాడికి వచ్చినవి 72! మర్నాడు వాడు ఏడుపు మొహంతో నా దగ్గరకు వచ్చి, "ఆ కార్డు నాది కాదండి మాస్టారూ" అన్నాడు. నేను పేరు ఒక్కటే చూశాను. ఇంటిపేరు చూడలేదు, తండ్రి పేరు చూడలేదు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదని ఆ రోజు నాకు గట్టిగా తెలిసివచ్చింది.

మా శ్రీనివాసరావు నోరు తెరిచి చెప్పగలిగాడు గనుక తప్పు దిద్దుకున్నాను. మరి నాలుగు వందల ఏళ్ళ క్రితం చనిపోయిన మనిషి విషయంలో ఇదే పొరపాటు జరిగితే? "ఆ తల్లిదండ్రులు నావాళ్ళు కారండి" అని అతడు లేచివచ్చి చెప్పలేడు కదా! అటువంటి తప్పును ఎలా పట్టుకుంటారు? ఎలా దిద్దుతారు? ప్రయోగశాలలో గాజు కుప్పెలూ, దీపాలూ లేకుండానే జరిగే ఒక సైన్సు ప్రయోగాన్ని ఇప్పుడు మీకు చూపిస్తాను.

ఎవరీ హాప్కిన్స్?

1620లో ఇంగ్లండు నుంచి 'మేఫ్లవర్' అనే ఓడ 102 మంది ప్రయాణికులతో అమెరికా తీరానికి చేరిన సంగతి మీ చరిత్ర పుస్తకంలో చదివే ఉంటారు. వాళ్ళు అక్కడ ప్లిమత్ అనే వలసను స్థాపించారు. మొదటి చలికాలంలోనే ఆకలితో, జబ్బులతో సుమారు సగం మంది చనిపోయారు. బతికి బట్టకట్టినవారిలో స్టీఫెన్ హాప్కిన్స్ కుటుంబం ఒకటి. ఆ ఓడలో వచ్చినవారి సంతతి ఈనాడు లక్షల్లో ఉంది. 'మా మూలపురుషుడు ఇంగ్లండులో ఏ ఊరివాడు? అతని అమ్మానాన్నలెవరు?' అని తెలుసుకోవాలన్న కోరిక వాళ్ళలో చాలామందికి ఉంటుంది.

ఆ ఓడలో ఎవరెవరు వచ్చారో మనకు ఎలా తెలుసు? ఆ వలసకు ఎన్నో ఏళ్ళు గవర్నరుగా ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్ర రాతప్రతిలో, సుమారు 1651 ప్రాంతంలో, ప్రయాణికుల పట్టిక రాసిపెట్టాడు. ఆ రాతప్రతికీ ఒక కథ ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో అది బోస్టను నుంచి మాయమయింది. చివరకు 1855లో లండనులో బిషపు గారి గ్రంథాలయంలో ఉన్నట్టు బయటపడింది. 1856లో అచ్చయింది. 1897లో తిరిగి అమెరికా చేరింది. అది దొరకకపోయి ఉంటే మన కథకు మొదటి మెట్టే ఉండేది కాదు.

హాప్కిన్సు గురించి ఆ పట్టికలో ఉన్న వివరాలు చూడండి. అతనితో భార్య ఎలిజబెత్ వచ్చింది. పిల్లలు నలుగురు. వారిలో జైల్స్ అనే కొడుకు, కాన్‌స్టన్స్ అనే కూతురు మొదటి భార్య బిడ్డలు. డమరిస్, ఓషియానస్ అనేవాళ్ళు ఈ భార్యకు పుట్టినవాళ్ళు. ఓషియానస్ నడిసముద్రంలో ఓడమీద పుట్టాడు. అందుకే ఆ పేరు! ఇద్దరు పనివాళ్ళు కూడా వచ్చారు. మొదటి భార్య పేరేమిటో, ఏ ఊరు నుంచి వచ్చారో పట్టికలో లేదు.

'మొదటి భార్య బిడ్డలు జైల్స్, కాన్‌స్టన్స్.' ఈ ఒక్క ముక్కను గుర్తుపెట్టుకోండి. తాళంచెవి ఇదే.

పేరు కలిసింది, ఊరు తప్పింది

స్టీఫెన్ హాప్కిన్స్ అనే పేరు కోసం ఇంగ్లండులోని పాత రిజిస్టర్లు వెతికినవారికి గ్లాస్టర్‌షైర్ జిల్లాలోని వాటన్ అండర్ ఎడ్జ్ అనే ఊళ్ళో ఆ పేరు కనబడింది. 1581లో అక్కడ ఒక స్టీఫెన్ హాప్కిన్సుకు బాప్తిస్మం జరిగింది. 1620 నాటికి అతనికి 39 ఏళ్ళు ఉంటాయి. మన మేఫ్లవర్ హాప్కిన్సుకు ఇంచుమించు అంత వయసే ఉండాలి. ఇంకేం, దొరికాడనుకున్నారు. పుస్తకాలు అచ్చు వేశారు. ఒకరిని చూసి ఒకరు తమ వంశవృక్షాలలో రాసుకున్నారు. మొదటి భార్య పేరు 'కాన్‌స్టన్స్ డడ్లీ' అని కూడా చాలా వంశవృక్షాలలోకి ఎక్కింది. కూతురు పేరు కాన్‌స్టన్స్ గదా, తల్లి పేరూ అదే అయి ఉంటుందని ఊహ!

ఇందులో లోపం ఎక్కడుంది? హాప్కిన్స్ అన్నది ఒకే వంశానికి పరిమితమైన ఇంటిపేరు కాదు. రాబర్ట్ అనే పేరును ముద్దుగా 'హాబ్' అనీ, ఇంకా ముద్దుగా 'హాప్కిన్' అనీ పిలిచేవారు. 'హాప్కిన్ గారి అబ్బాయి' హాప్కిన్స్ అయ్యాడు. రాబర్టులు ఊరూరా ఉన్నారు కనుక హాప్కిన్సులూ ఊరూరా పుట్టుకొచ్చారు. వాళ్ళంతా బంధువులు కానక్కరలేదు. స్టీఫెన్ కూడా అరుదైన పేరేమీ కాదు. కాబట్టి ఇద్దరు స్టీఫెన్ హాప్కిన్సులు ఒకే కాలంలో ఉండడం మా తరగతిలో ముగ్గురు శ్రీనివాసరావులు ఉండడం వంటిదే.

వాటన్‌లో పుట్టిన పిల్లవాడే మేఫ్లవర్ ఎక్కాడని చూపే ఆధారం పేరు, వయసు తప్ప ఏముంది? అతనికి జైల్స్, కాన్‌స్టన్స్ అనే పిల్లలున్నట్టు ఎక్కడా లేదు. అంటే పరీక్ష పెట్టకుండానే ఊహను నిజమని ప్రకటించేశారన్నమాట.

రిజిస్టర్లు ఎక్కడివి?

కథలో ముందుకు పోయేముందు ఈ రిజిస్టర్ల గురించి కొంచెం తెలుసుకుందాం. ఇంగ్లండులో ఒక్కొక్క చర్చి కింద కొంత ప్రాంతం ఉంటుంది. దానిని పేరిష్ అంటారు. ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్ 1538లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పేరిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ఒక పుస్తకంలో రాసిపెట్టాలన్నది దాని సారాంశం. తొలి రోజుల్లో చాలాచోట్ల కాగితం మీద రాసేవారు. అవి చెదలు తిని, చెమ్మ పట్టి పాడవుతుంటే, 1598లో మరొక ఉత్తర్వు వచ్చింది. పాతవాటిని గట్టి తోలుపత్రాల మీదకు ఎత్తిరాయాలి, ఏటేటా ఒక నకలు బిషపు కార్యాలయానికి పంపాలి అని.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గమనించండి. మొదటిది: రిజిస్టరులో ఉండేది బాప్తిస్మపు తేదీ, పుట్టినతేదీ కాదు. సాధారణంగా పుట్టిన కొద్ది రోజులకే బాప్తిస్మం ఇచ్చేవారు గాని, రెండూ ఒకటి కావు. రెండవది: నకలు రాసేవాడు మనిషే. పేరు తప్పు రాయవచ్చు, వరుస వదిలేయవచ్చు. అన్ని ఊళ్ళ పుస్తకాలూ మిగలలేదు కూడా. అందుచేత 'నాకు దొరికినది ఒక్కడే, కాబట్టి వీడే' అన్న వాదం ఎప్పుడూ ప్రమాదమే. దొరకని పుస్తకంలో ఇంకొకడు ఉండవచ్చు.

హర్స్‌లీలో మూడు పేర్లు

ఇక అసలు మలుపు. 1998 జూలైలో కేలెబ్ జాన్సన్ అనే పరిశోధకుడు వంశచరిత్రల పత్రిక ఒకదానిలో వ్యాసం ప్రకటించాడు. ఇంగ్లండులో దక్షిణాన హాంప్‌షైర్ జిల్లా ఉంది. అందులో వించెస్టర్ పట్టణానికి దగ్గరలో హర్స్‌లీ అనే పల్లె. ఆ ఊరి రిజిస్టరులో స్టీఫెన్ హాప్కిన్స్ బిడ్డలుగా ముగ్గురు కనిపించారు. మొదట ఎలిజబెత్. తరువాత 1606 మే 11న కాన్‌స్టన్స్. ఆ తరువాత 1608 జనవరి 30న జైల్స్. తల్లి పేరు మేరీ. ఆమెను 1613 మే 9న అక్కడే ఖననం చేశారు. ఆమె ఆస్తికి సంబంధించిన కాగితాలలోనూ కాన్‌స్టన్స్, ఎలిజబెత్, జైల్స్ అనే మైనరు పిల్లల పేర్లు ఉన్నాయి.

చూశారా! ఇప్పుడు కలిసింది ఒక పేరు కాదు, ఒక కుటుంబం. తండ్రి స్టీఫెన్, కూతురు కాన్‌స్టన్స్, కొడుకు జైల్స్. పైగా 'మొదటి భార్య బిడ్డలు' అన్న బ్రాడ్‌ఫర్డ్ మాట ప్రకారం ఆ తల్లి 1620కి ముందే పోయి ఉండాలి. మేరీ 1613లో పోయింది. స్టీఫెన్ హాప్కిన్స్ ఎలిజబెత్ ఫిషర్ అనే ఆమెను లండను వైట్‌చాపెల్‌లోని చర్చిలో పెళ్ళాడినది 1618 ఫిబ్రవరి 19న. వరుస సరిపోయింది. డడ్లీ అన్న పేరు గాలిలో పుట్టి గాలిలోనే పోయింది.

ఒక పేరు కలవడానికీ, మూడు పేర్లు కలవడానికీ తేడా ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. స్టీఫెన్ హాప్కిన్స్ పేరుగలవాళ్ళ కుటుంబాలు 10 ఉన్నాయనుకోండి. ఇరవై కుటుంబాలలో ఒకదానిలో కాన్‌స్టన్స్ అనే కూతురు, ఇరవై కుటుంబాలలో ఒకదానిలో జైల్స్ అనే కొడుకు ఉంటారనుకోండి. ఒకదానికొకటి సంబంధం లేకపోతే రెండు పేర్లూ ఒకే ఇంట్లో ఉండే అవకాశం 1/20 × 1/20 = 1/400. పది కుటుంబాలలో ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా అలా కలిసే అవకాశం సుమారు 10/400, అంటే నలభైకి ఒకటి. ఒక్క పేరే చూస్తే పదిమందీ పోటీలో ఉంటారు. కుటుంబం మొత్తం చూస్తే ఆ పదిమందినీ జల్లెడ పట్టినట్టే.

మార్కుల కార్డు తప్పు తరువాత నేనూ ఇదే పద్ధతి పట్టాను. 'మీ చెల్లెలు ఏ తరగతి? అన్నయ్య పేరేమిటి?' అని అడిగితే ఏ శ్రీనివాసరావో ఇట్టే తెలిసిపోయేది.

తేదీలలో ఒక చిక్కు

మీలో చురుకైనవారు అసలు రిజిస్టరు చూస్తే ఎగిరిపడతారు. ఎందుకంటే జైల్స్ బాప్తిస్మం 1607వ సంవత్సరం కింద, జనవరి 30న ఉంటుంది. కాన్‌స్టన్స్‌ది 1606 మే 11. మధ్య ఎంత కాలం? 8 నెలల 19 రోజులు! అక్కకూ తమ్ముడికీ మధ్య తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఈ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు కారేమో?

తొందరపడకండి. ఆ కాలంలో ఇంగ్లండులో కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు, మార్చి 25న మొదలయ్యేది. 1607 డిసెంబరు 31 తరువాత వచ్చిన జనవరి కూడా 1607 జనవరే! మార్చి 24 దాటాకే 1608. మన లెక్క ప్రకారం జైల్స్ బాప్తిస్మం 1608 జనవరి 30. అప్పుడు మధ్యకాలం 20 నెలల 19 రోజులు. చిక్కు విడిపోయింది. అందుకే పరిశోధకులు ఇటువంటి తేదీలను 1607/8 అని జంటగా రాస్తారు. ఈ పాత పద్ధతి 1752తో పోయింది. ఆ ఏటి నుంచి సంవత్సరం జనవరి 1న మొదలుపెట్టారు. సెప్టెంబరు 2 తరువాతి రోజును సెప్టెంబరు 14 అని పిలిచి కేలెండరులో 11 రోజులు తీసేశారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? కొలత తీసుకునే ముందు కొలబద్ద ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. సున్నా దోషం ఉన్న వెర్నియర్‌తో కొలిచి, వస్తువును తప్పుపట్టకూడదు కదా!

బెర్ముడాలో ఇంకొక హాప్కిన్స్

ఇంతటితో అయిపోలేదు. ఇంకొక స్టీఫెన్ హాప్కిన్స్ ఉన్నాడు. 1609లో 'సీ వెంచర్' అనే ఓడ ఇంగ్లండు నుంచి అమెరికాలోని జేమ్స్‌టౌన్ వలసకు బయలుదేరింది. దారిలో పెద్ద తుపానులో చిక్కుకుని జూలై 28న బెర్ముడా దీవుల దగ్గర రాళ్ళమీదకు ఎక్కింది. అందులోని సుమారు 150 మందీ క్షేమంగా ఒడ్డు చేరారు. ఆ దీవిలో కొన్ని నెలలుండి, అక్కడి దేవదారు కర్రతో రెండు చిన్న ఓడలు కట్టుకుని 1610 మేలో జేమ్స్‌టౌన్ చేరుకున్నారు.

ఆ ప్రయాణంలో ఉన్న విలియం స్ట్రేచీ ఈ సంగతులన్నీ రాసిపెట్టాడు. 1625లో అది అచ్చయింది. షేక్‌స్పియర్ 'ది టెంపెస్ట్' నాటకానికి ఈ తుపాను ప్రేరణ అని చాలామంది పండితుల అభిప్రాయం. స్ట్రేచీ రాసినదాంట్లో మతగురువుకు సహాయకుడిగా ఉన్న స్టీఫెన్ హాప్కిన్స్ అనేవాడు కనిపిస్తాడు. 'ఓడ పగిలిపోయింది కనుక గవర్నరు అధికారమూ తీరిపోయింది, మనం ఎవరికీ లోబడనక్కరలేదు' అని అతడు తోటివారితో వాదించాడు. అది తిరుగుబాటుగా లెక్కించి 1610 జనవరిలో అతనికి మరణశిక్ష వేశారు. అతడు ఏడ్చి, తన భార్యాబిడ్డలు దిక్కులేనివారవుతారని వేడుకున్నాడు. పెద్దలూ అతని తరఫున అడిగారు. చివరకు క్షమించారు.

ఇప్పుడు మన ముందు ముగ్గురు ఉన్నారు. బెర్ముడా హాప్కిన్స్, హర్స్‌లీ హాప్కిన్స్, మేఫ్లవర్ హాప్కిన్స్. ముగ్గురా, ఒక్కడేనా?

హర్స్‌లీకీ మేఫ్లవర్‌కూ లంకె చూశాం. బలమైనది. బెర్ముడాకూ హర్స్‌లీకీ లంకె ఏమిటి? 1610లో బెర్ముడా హాప్కిన్సుకు ఇంటిదగ్గర భార్యాబిడ్డలున్నారు. హర్స్‌లీ హాప్కిన్సుకు 1608 నాటికే భార్య, ముగ్గురు బిడ్డలు. 1609లో తండ్రి ఓడెక్కి వెళ్ళిపోయాడనుకుంటే, జైల్స్ తరువాత అక్కడ ఇంకొక బిడ్డ కనిపించకపోవడమూ పొసుగుతుంది.

బెర్ముడాకూ మేఫ్లవర్‌కూ లంకె? 1620 నవంబరులో మేఫ్లవర్ మనుషులు కొందరు అడవిలో దారి వెతుకుతుండగా ఒక వింత కనిపించింది. ఒక లేతచెట్టును విల్లులా వంచి కట్టారు. కింద సింధూర గింజలు చల్లి ఉన్నాయి. అది జింకలను పట్టడానికి అక్కడి ఆదివాసులు పెట్టిన ఉచ్చు అని వెంటనే చెప్పినవాడు హాప్కిన్స్. వెనుక వస్తున్న బ్రాడ్‌ఫర్డ్ కాలు అందులోనే చిక్కుకుంది! వంచిన చెట్టులో దాగిన స్థితిజశక్తి గవర్నరు కాబోయేవాడినీ వదలలేదు. 1621 మార్చిలో సామోసెట్ అనే ఆదివాసీ మొదటిసారి వలసకు వచ్చినప్పుడు ఆ రాత్రి హాప్కిన్స్ ఇంట్లోనే ఉంచారు. ఆ వేసవిలో ఆదివాసుల నాయకుడు మసాసాయిట్ దగ్గరకు పంపిన ఇద్దరు దూతలలో హాప్కిన్స్ ఒకడు. అమెరికా ఆదివాసులతో ముందే పరిచయం ఉన్న మనిషి అని ఇవన్నీ సూచిస్తాయి. జేమ్స్‌టౌన్‌లో ఉండివచ్చిన మనిషికి అటువంటి పరిచయం కలగడం సహజమే. ఈ లంకె హర్స్‌లీ లంకెంత గట్టిది కాదు. కాని మిగతా రెంటితో కలిస్తే బలపడుతుంది.

ఎదురు నిలిచిన ఒక్క మాట

నిజాయితీగల పరిశోధకుడు తన వాదానికి అనుకూలమైనవే చెప్పి ఊరుకోడు. అడ్డు వచ్చినదీ చెబుతాడు. ఇక్కడా ఒకటి అడ్డు వచ్చింది. 1613లో మేరీ ఆస్తి జాబితా రాసినవారు ఆమెను 'వితంతువు' అన్నారు! భర్త 1620లో మేఫ్లవర్ ఎక్కాడని మనం అంటున్నాం. ఏడేళ్ళ ముందే ఆమె వితంతువు ఎలా అవుతుంది?

ఈ ఒక్క మాటతో అంతా కూలిపోతుందా? ఆలోచించండి. భర్త 1609లో ఓడెక్కాడు. ఆ ఓడ తుపానులో మునిగిందన్న వార్త ఇంగ్లండు చేరింది. తరువాత జనం బతికి ఉన్నారని తెలిసినా, దాటరాని సముద్రం అవతల ఉన్న మనిషి బతికున్నాడో లేదో పల్లెలో ఎవరికి తెలుసు? ఊరివాళ్ళు అతను పోయాడనే అనుకుని ఉండవచ్చు. అలా చూస్తే ఆ మాట మన వాదాన్ని కూల్చకపోగా 'బెర్ముడా వెళ్ళినవాడు ఇతడే' అన్న లంకెకు కొంత బలమే ఇస్తుంది. కాని ఒక్క సంగతి మరవకండి. 'అనుకుని ఉండవచ్చు' అన్నది మన వివరణ, కాగితంలో ఉన్న మాట కాదు. కాగితం చెప్పినది ఒకటి, మనం దానికి చెప్పిన కారణం వేరొకటి. రెంటినీ కలిపేయకుండా ఎడంగా ఉంచడమే శాస్త్రీయ దృష్టి.

ఈ పరికల్పనను కూల్చగల సాక్ష్యం ఏదో కూడా ముందే చెప్పుకోవచ్చు. హర్స్‌లీ జైల్స్ గాని, కాన్‌స్టన్స్ గాని 1620 తరువాత హాంప్‌షైర్‌లోనే పెళ్ళి చేసుకున్నట్టో, చనిపోయినట్టో ఒక్క కాగితం దొరికినా మన మేడ కూలిపోతుంది. 'ఏది దొరికితే నేను తప్పు' అని చెప్పగలిగిన ఊహే పరీక్షకు నిలబడే ఊహ. వాటన్ కథకు ఆ పరీక్షే పెట్టలేదు.

డి.ఎన్.ఏ. చెప్పేది, చెప్పనిది

"మాస్టారూ, ఇంత కష్టమెందుకు? డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే పోదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. తరానికి 30 ఏళ్ళు చొప్పున నాలుగు వందల ఏళ్ళకు సుమారు 13 తరాలు. మీలోని డి.ఎన్.ఏ.లో తండ్రి నుంచి సగం, తాత నుంచి సుమారు పావు. ఇలా 13 తరాలు వెనక్కు వెళితే 2ను పదమూడుసార్లు గుణించాలి: 8192. అంటే హాప్కిన్స్ వాటా సగటున 1/8192. అంత చిన్న ముక్క కొందరిలో పూర్తిగా జారిపోయి ఉండవచ్చు కూడా!

రెండు మినహాయింపులు ఉన్నాయి. వై క్రోమోసోము తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మారకుండా వస్తుంది. కనుక జైల్స్ కొడుకు, అతని కొడుకు అంటూ తెగకుండా వచ్చిన మగసంతతి మీద దానిని పరీక్షించవచ్చు. మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ. తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కాన్‌స్టన్స్ కూతురు, ఆమె కూతురు అంటూ వచ్చిన వరుసలో ఉండేది హర్స్‌లీ మేరీది. రెండో భార్య కూతుళ్ళ వరుసలో ఉండేది ఎలిజబెత్‌ది. కాన్‌స్టన్స్ నికొలస్ స్నో అనే అతన్ని పెళ్ళాడింది. సుమారు 1651లో బ్రాడ్‌ఫర్డ్ పట్టిక రాసేనాటికి ఆమె బిడ్డలు పన్నెండుమంది బతికి ఉన్నారు. కనుక అటువంటి వరుసలకు కొదవలేదు.

అయితే డి.ఎన్.ఏ. చెప్పేది 'వీరిద్దరిదీ ఒకే మూలం' అన్నంత వరకే. ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది దానిమీద రాసి ఉండదు. ఊరిపేరు చెప్పేది చెమ్మపట్టిన ఆ రిజిస్టరే. ఒకటి రెండోదానికి సాయం చేస్తుంది గాని, దాని పని చేయలేదు.

'బహుశా' అన్న మాట విలువ

మరి స్టీఫెన్ పుట్టినది ఎక్కడ? హర్స్‌లీ అతని పిల్లలు పుట్టిన ఊరు. అతను పుట్టిన ఊరు అదే కానక్కరలేదు. 2004లో మరొక పరిశోధకుడు ఒక జవాబు ప్రకటించాడు. హాంప్‌షైర్‌లోనే ఆండోవర్ దగ్గర అప్పర్ క్లాట్‌ఫర్డ్ అనే పల్లెలో 1581 ఏప్రిల్ 30న జాన్ హాప్కిన్స్, ఎలిజబెత్ విలియమ్స్ దంపతుల కొడుకు స్టీఫెన్‌కు బాప్తిస్మం జరిగింది. అతడే మన హాప్కిన్స్ కావచ్చునని ఆ వ్యాసం వాదం. సంవత్సరం చూశారా? 1581! వాటన్ పిల్లవాడిదీ అదే. ఒకే ఏడు, రెండు ఊళ్ళు, ఇద్దరు స్టీఫెన్ హాప్కిన్సులు. పేరూ వయసూ చూసి తేల్చేవాడు ఎంత సులువుగా మోసపోతాడో దీన్నిబట్టి గ్రహించండి.

ఆ వ్యాసం శీర్షికలోనే రచయిత 'బహుశా' అన్న అర్థం వచ్చే మాట పెట్టాడు. హర్స్‌లీ కుటుంబానికి మేఫ్లవర్‌తో ఉన్నంత గట్టి ముడి ఇక్కడ లేదని అతనికి తెలుసు. ఆ ఒక్క మాట పిరికితనం కాదు, కొలత పక్కన రాసే దోషపరిమితి వంటిది. తరువాత ఆ వ్యాసాన్ని చూసి రాసుకునేవాళ్ళు 'బహుశా'ను వదిలేస్తే మళ్ళీ వాటన్ కథే మొదలవుతుంది.

నేను ఆ పిల్లవాడి తండ్రిని పిలిపించి తప్పు ఒప్పుకున్నాను. అప్పటికే పడిన దెబ్బలను మాత్రం వెనక్కు తీసుకోలేకపోయాను. ఎవరో ఒకరికి ఇంకొకరి మార్కులు అంటగట్టడమూ, ఇంకొకరి తల్లిదండ్రులను అంటగట్టడమూ ఒకే రకం తప్పు. అడగడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

మీరే చేసి చూడండి

1. పాత ఇంగ్లండు రిజిస్టరులో ఒక బిడ్డ బాప్తిస్మం '1590 ఫిబ్రవరి 10' అనీ, తరువాతి బిడ్డది '1591 ఏప్రిల్ 2' అనీ ఉన్నాయి. మన కేలెండరులాగే జనవరితో సంవత్సరం మొదలుపెట్టి లెక్కిస్తే మధ్య నెలలెన్ని? నిజానికి ఎన్ని? (నిజమైన జవాబు రెండు నెలలకంటే తక్కువ వస్తుంది. అప్పుడు మీరు ఏమని అనుమానించాలి?)

2. మీ బడిలో ఒకే పేరున్న ఇద్దరిని ఎంచుకోండి. పేరు, తరగతి చెప్పకుండా, ఎన్ని వివరాలు అడిగితే ఎవరు ఎవరో తేలుతుందో చూడండి. అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చిన వివరం ఏది? ఎందుకు?

3. మీ తాతగారి తాతగారి పేరు ఇంట్లో అడిగి రాసుకోండి. దాని పక్కన 'ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలుసు' అని ఇంకొక వరుస గీయండి. ఖచ్చితంగా తెలియనిచోట 'బహుశా' అని రాయడం మాత్రం మరచిపోకండి.